ఒంట్లో ఫన్నీగా ఉంది

ఇంగ్లండ్‌లో నా మొదటి చలికాలం. పశ్చిమ యార్క్‌షైర్‌లో, బ్రాడ్‌ఫర్డ్‌కు దగ్గరలోని చిన్న ఊళ్లో, వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో రాత్రి డ్యూటీ. పదకొండు దాటాక ఒక గదిలో బెల్లు మోగింది. వెళ్లేసరికి ఎనభై ఏడేళ్ల పెద్దావిడ మంచం మీద కూర్చుని, దుప్పటి అంచును వేళ్లతో నలుపుతూ, "ఫన్నీగా ఉంది, లవ్" అన్నారు. 'లవ్' అంటే అక్కడ మన 'తల్లీ' లాంటి పిలుపు, బస్సు డ్రైవరు కూడా అలాగే పిలుస్తాడు. నవ్వు తెప్పించే కల ఏదో వచ్చిందనుకుని నేనూ నవ్వాను. కల ఏమిటో చెప్పమని పక్కన కూర్చున్నాను. ఆమె నవ్వలేదు. అప్పుడు చెయ్యి పట్టుకుని చూశాను. చల్లగా, చెమటతో తడిగా ఉంది. వేలు గుచ్చి రక్తంలో చక్కెర చూస్తే 3.1. మన లెక్కలో 56, అంటే బాగా పడిపోయింది. పండ్ల రసం తాగించి, పావుగంటకు మళ్లీ చూసి, 5 దాటిందని తెలిశాకే నా గుండెదడ తగ్గింది.

పోయినవి రెండు నిమిషాలే. అయినా ఆ రెండు నిమిషాలు ఈ రోజుకీ నన్ను వదలలేదు. విజయవాడలో ఆరేళ్లు నర్సుగా చేశాను. ఇంగ్లీషు పరీక్ష మంచి మార్కులతో గట్టెక్కి వచ్చాను. 'ఫన్నీ' అనే ఒక్క మాటలోనే నవ్వూ, వింతా, ఒంట్లో నలతా ఉన్నాయని ఎవరూ చెప్పలేదు. పాలు విరిగితే ఫన్నీ వాసన, ముఖం పాలిపోతే ఫన్నీ రంగు. ఇంగ్లీషువాళ్లకే అనుమానం వచ్చి, నవ్వొచ్చే ఫన్నీనా, వింతైన ఫన్నీనా అని ఒకరినొకరు అడుగుతుంటారు.

మర్నాటి నుంచి యూనిఫాం జేబులో చిన్న పుస్తకం పెట్టుకున్నాను. మొదట రాసుకున్న మాట 'డాఫ్ట్'. ఒకాయన నన్ను రోజుకు నాలుగుసార్లు అలా అనేవారు. నిఘంటువులో చూస్తే తెలివితక్కువ అని ఉంది, మనసు చివుక్కుమంది. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన మా సీనియర్ కేరర్ (వృద్ధుల ఆలనాపాలనా చూసే ఉద్యోగి) నవ్వి, ఆయన తన మనవరాలినీ అలాగే అంటారని చెప్పింది. మా అమ్మ నన్ను 'పిచ్చి తల్లీ' అన్నప్పుడు నేనేనాడైనా కోపగించుకున్నానా? తరువాత తెలిసింది, పాత ఇంగ్లీషులో డాఫ్ట్ అంటే సాధువైనవాడు, నెమ్మదస్తుడు. 'సిల్లీ' అయితే ఏకంగా ధన్యుడు. ధన్యుడు అమాయకుడై, అమాయకుడు జాలిపడదగినవాడై, చివరికి తెలివిమాలినవాడయ్యాడు. మన చాదస్తం నడిచిందీ ఆ దారే. ఛందస్సు అంటే వేదం, వేదం చదివినవాడు ఛాందసుడు. ఇప్పుడు మా నాన్న గ్యాస్ స్టవ్ కట్టేశారో లేదో మూడుసార్లు చూస్తే అది చాదస్తం.

'క్వీర్' మాత్రం నేను అనను. పెద్దవాళ్లు వింతకీ, నలతకీ ఆ మాటే వాడతారు. మధ్యలో అది స్వలింగ ప్రేమికులను కించపరిచే తిట్టయింది. ఇప్పుడు వాళ్లలోనే చాలామంది ఆ మాటను సొంతం చేసుకుని తలెత్తుకుని చెప్పుకుంటున్నారు. ఎవరి నోట ఏ అర్థంలో వస్తుందో వినడం వరకే నా పని.

నన్ను అన్నిటికన్నా కదిలించింది 'హ్యూమర్'. లాటిన్‌లో దానికి తడి, ద్రవం అని అర్థం. రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అని ఒంట్లో నాలుగు ద్రవాలుంటాయనీ, వాటిలో ఒకటి ఎక్కువైతే మనిషి స్వభావం ఓ పక్కకు ఒరుగుతుందనీ ఐరోపా వైద్యులు వందల ఏళ్లు నమ్మారు. 1590లలో లండన్ నాటకాలవాళ్లు అలా ఒరిగిన మనుషులను రంగస్థలం ఎక్కించారు. జనం చూసి నవ్వారు. ఒంట్లోని ద్రవం పేరు క్రమంగా ఆ నవ్వుకు పేరయింది. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 'వాడి పైత్యం వాడిది' అని మనమూ అంటాం కదా! అక్కడా పిత్తమే, ఇక్కడా పిత్తమే. హాస్యాన్ని మనవాళ్లు రసం అన్నారు, అదీ ద్రవమే. దాదాపు ఎనిమిది వేల కిలోమీటర్లు దాటి వచ్చిన నాకు ఆ పరాయి మాటలో పుట్టింటి గడప కనిపించింది.

'ఎక్సెంట్రిక్' అంటే గ్రీకులో కేంద్రం తప్పినది. భూమి నడిమధ్యన లేని గ్రహవృత్తాలకు పూర్వపు ఖగోళజ్ఞులు పెట్టిన పేరు. ఇప్పుడు వింత అలవాట్లున్న మనిషిని అలా అంటారు. అయితే పెద్ద ఇళ్లలో బతికి వచ్చినవారి గురించే ఈ మాట విన్నాను. ఉన్ని మిల్లులో నలభై ఏళ్లు చేసినవాడి గురించి ఎవరూ అనగా వినలేదు. అది నాకు నచ్చదు.

నన్ను డాఫ్ట్ అనే ఆ పెద్దాయన మిల్లు మనిషే. రోజూ ఒక కాలికి బూడిద రంగు మేజోడు, మరో కాలికి ఎరుపో నీలమో. జత కలిపి తొడిగితే గదిలోకి వెళ్లి మార్చుకుని వచ్చేవారు. మతి తడబాటు కనిపిస్తోందని నేను రికార్డులో రాశాను. సీనియర్ అది చదివి, చూసింది రాయమంది, తీర్పు రాయొద్దంది. కారణం ఆయననే అడగమంది. అడిగాను. అన్నీ ఆయన భార్య అల్లినవట. ఏళ్లు గడిచేకొద్దీ ప్రతి జతలోనూ ఒకటి పోయిందట. "రెండోది పోయినంత మాత్రాన ఇది చెడిపోలేదు కదా, లవ్" అన్నారు.

జత తప్పిన మేజోళ్లను అక్కడ 'ఆడ్' అంటారు. బేసి సంఖ్యకూ, వింత మనిషికీ అదే మాట. 866లో యార్క్ నగరాన్ని పట్టుకున్న వైకింగుల, అంటే స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చిన యోధుల, భాష నుంచి వచ్చింది. త్రికోణపు మొననూ, ఇద్దరు తేల్చుకోలేనప్పుడు తీర్పు చెప్పే మూడో మనిషినీ వాళ్లు ఆ మాటతోనే చెప్పుకునేవారు. మూడు కన్నులున్న దేవుణ్ణి మన కవులు బేసికంటి వేల్పు అని కొలిచిన సంగతి నేను ఆయనకు చెప్పాను. శ్రద్ధగా విన్నారు. ఆ దేవుడి మూడో కన్ను ఎక్కడుంటుందో చూపించమన్నారు. నా నుదుటి మీద వేలు పెట్టి చూపించాను.

కొత్తగా వచ్చే మన నర్సులకు మందుల పట్టికకన్నా ముందు ఈ మాటలే చెబుతున్నాను, 'ఫన్నీ'తో మొదలుపెట్టి. పెద్దాయన రికార్డులో నా పాత వాక్యం కింద, తేదీ వేసి, ఇంకొకటి రాశాను: రెండు మేజోళ్లూ వేర్వేరు రంగులు, ఆయన ఎంచుకున్నవే, మార్చవద్దు.