కణుజు పెంటికలు, ఒక గడి

పదకొండు దాటింది. చిన్నది పడుకుంది. అత్తయ్య సీరియల్ కూడా అయిపోయింది. మా ఆయన ఇంకా కాల్‌లోనే ఉన్నారు, అమెరికావాళ్లకి ఇప్పుడు పగలు కాబట్టి. నేను మాత్రం సాయంత్రం వచ్చిన ఫోను దగ్గరే ఆగిపోయాను.

విషయం చిన్నదే. నల్లమల నుంచి మా ల్యాబుకి వచ్చిన కణుజు (సాంబార్ జింక) పెంటికల రిపోర్టు. వాటిని పంపినవాళ్లిచ్చిన ఫారంలో 'గుర్తించిన నట్టలు' అని ఒక గడి, పక్కన 'మూలం' అని ఇంకో గడి, అంటే ఆ నట్టలు దేన్నుంచి అంటుకున్నాయని. మొదటి దాంట్లో 'స్ట్రాంగైల్ రకం గుడ్లు' అని రాశాను, అది ఒక్క పురుగు పేరు కాదు, పేగుల్లో పొట్టలో ఉండే నట్టల గుంపు పేరు. రెండోది నా దగ్గరికి రాకముందే ఎవరో నింపేసి ఉంచారు: 'అడవిలో మేసే పశువులు'. కొట్టేసి పంపాను. దాని మీదే ఫోను.

"ఏంటి మేడం, గొర్రె పేడ తెస్తే పది నిమిషాల్లో చెప్తారు. జింకదైతే 'రకం' అని వదిలేస్తారా? పేరు రాయండి. మూలం మేం రాశాంగా, దాంతో మీకేం ఇబ్బంది?"

గొర్రె పేడకైనా పది నిమిషాల్లో చెప్పేది 'గుడ్లున్నాయి, బాగా ఉన్నాయి, నట్టల మందు తాగించండి' అన్నంతవరకే. రైతుకి అది చాలు. ఆ గుడ్డు పెట్టిన పురుగు పేరేంటో అప్పుడూ చెప్పం. ఎవరూ అడగరు కాబట్టి చెప్పనట్టు ఎవరికీ తెలియదు, అంతే తేడా.

కొన్ని గుడ్లు వాటంతట అవే పేరు చెప్పేస్తాయి. ట్రైక్యురిస్ అనే పురుగు గుడ్డుకి రెండు చివర్లా బిరడాలుంటాయి. నెమటోడైరస్ గుడ్డు మిగతావాటికి రెట్టింపు ఉంటుంది. బద్దె పురుగు మోనీజియా గుడ్డు మూడు మూలలతోనో నాలుగు మూలలతోనో కనిపిస్తుంది. పొట్ట జలగల గుడ్లు బరువు, మిగతావాటిలా ఉప్పునీళ్లలో తేలవు, అడుగు మడ్డిలో వెతుక్కోవాలి, దొరికితే మాత్రం పోల్చుకోవడం కష్టం కాదు. ఈ స్ట్రాంగైల్ గుంపుతోనే చావు. హీమాంకస్, ట్రైకోస్ట్రాంగైలస్, ఈసోఫాగోస్టోమమ్ అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి: పలచటి పెంకు, కోలగా, 70 నుంచి 100 మైక్రాన్ల పొడవు, లోపల ముద్దగా కణాలు. కొలతలు తీసినా ఒకదాని లెక్క ఇంకోదాని లెక్కలోకి వచ్చిపడుతుంది.

పేరు కావాలంటే దారులున్నాయి. తాజా పెంటికలు నలిపి, తడి ఆరనీయకుండా వారం రోజులు 25–27 డిగ్రీల దగ్గర ఉంచితే గుడ్లు పొదిగి మూడో దశ లార్వాలు వస్తాయి. అప్పుడు తోక తొడుగు చూడాలి. పొట్టిగా ఉంటే ట్రైకోస్ట్రాంగైలస్, మధ్యస్థంగా ఉండి కొస కాస్త వంగితే హీమాంకస్, బాగా పొడుగ్గా సన్నగా సాగితే ఈసోఫాగోస్టోమమ్. లేదంటే డీఎన్ఏ. మరి నాకు వచ్చిందేమిటి? అన్ని సీసాల్లోనూ ఫార్మలిన్. మూత తీయగానే కళ్లల్లో నీళ్లు. ఫార్మలిన్‌లో గుడ్డు ఆకారం చెక్కుచెదరదు కానీ చచ్చిపోతుంది, ఇక పొదగదు. డీఎన్ఏ కూడా పాడవుతుంది. తాజాది ఒకటి, ఫార్మలిన్‌లో ఒకటి, డీఎన్ఏ కోసం ఇథనాల్‌లో ఒకటి, ఇలా మూడు సీసాలు పంపమని ప్రతిసారీ మొత్తుకుంటాను. ప్రతిసారీ ఒకటే వస్తుంది, అదీ సగం వాటికి తేదీ లేకుండా. మళ్లీ వీళ్లే పేరు రాయమంటారు!

ఇంత తిట్టాక ఇప్పుడు అనిపిస్తోంది, పాపం అడవి లోపలుండి ఇవి ఏరి పంపే వాచర్లని ఏమనగలం? వాళ్లకి ఫ్రిజ్ ఎక్కడిది? ఎండాకాలంలో తాజా పెంటిక నాదాకా వచ్చేసరికి ఎండి గుండ్రాయి అవుతుంది, లేదా బూజు పడుతుంది. వాళ్లు ఫార్మలిన్ పోశారు కాబట్టే నాకు ఆ మాత్రం గుడ్లైనా కనిపించాయి. అయినా తేదీ రాయడానికి ఫ్రిజ్ అక్కర్లేదుగా.

నల్లమలలో మన్ననూరు దాటి లోపలికి వెళ్లినప్పుడు మాతో వచ్చిన చెంచు వాచర్‌ని తలచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. నేను ఆత్రంగా వంగి ఏరబోతే, "అది నిన్నటిది డాక్టరమ్మా, పనికిరాదు" అన్నాడు. నా కళ్లకి అన్నీ ఒకటే. పుల్లతో ఒకదాన్ని తిరగేసి చూపించాడు. పైన నల్లగా మెరుస్తోంది కానీ కింద మట్టి అంటుకుని మెరుపు పోయింది, సన్నటి బెజ్జం కూడా ఉంది, పేడపురుగు అప్పటికే దిగింది. నేల మీద పాతబడితే మట్టిలో బతికే పురుగులు కూడా లోపలికి చేరతాయి, ల్యాబులో వాటిని చూసి జింక కడుపులోవే అనుకునే ప్రమాదం ఉంది. అతనికి ఈ లెక్కలు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది. ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లి చెట్టు మొదట్లో ఒక కుప్ప చూపించాడు. ఒక్కో పెంటికా జిగురుతో తడితడిగా నిగనిగలాడుతోంది, ముట్టుకుంటే వెచ్చగా ఉంది. చుక్కల దుప్పి పెంటికల కంటే కాస్త పెద్దవి. "కణుజుదే, ఇందాకనే పోయింది" అన్నాడు.

అక్కడి నుంచి సాసర్ పిట్ దగ్గరికి వెళ్లాం. ఎండాకాలం అడవిలో జంతువుల కోసం నీళ్లు పోసే సిమెంటు పళ్లేలు అవి. నీళ్లు పొర్లిన చోట బెత్తెడు పచ్చగడ్డి. ఆ గడ్డిలో కణుజు గిట్టల గుర్తులు, పెంటికలు, ఆ పక్కనే పచ్చి ఆవుపేడ. అమ్రాబాద్ వైపు పేరుమోసిన పొడ తూర్పు ఆవులు, తెల్లటి ఒంటి మీద గోధుమరంగు పొడలతో ఎంత అందంగా ఉంటాయో! హీమాంకస్ ఆడపురుగు రోజుకి 5,000కి పైగా గుడ్లు పెడుతుంది. పొదిగిన లార్వాలు తడి గడ్డి మీదికి పాకి నోటి కోసం కాచుకుంటాయి. మైళ్ల కొద్దీ ఎండిన అడవిలో తడి ఉన్నది ఆ బెత్తెడు చోటే, అన్ని మూతులూ వచ్చేదీ అక్కడికే.

కాబట్టి నా అనుమానమూ ఆవుల మీదే, ఫోనులో ఒప్పుకోలేదు కానీ. మరి ఆ గడి ఎందుకు కొట్టేశాను?

ఎందుకంటే అనుమానం నాది, గుడ్డు చెప్పింది కాదు. మేకల్లో గొర్రెల్లో ఎక్కువగా ఉండేది హీమాంకస్ కాంటోర్టస్, ఆవుల్లో ఎక్కువగా ఉండేది హీమాంకస్ ప్లాసీ. రెండింటి గుడ్లూ చూసి తేడా పట్టలేం. ఐటీఎస్-2 అనే డీఎన్ఏ ముక్కలో 231 అక్షరాలుంటే ఈ రెండింటికీ తేడా మూడు చోట్లే. ఆ మూడూ చదవకుండా మందని దోషిగా రాసేస్తే, రేపు ఆ కాగితం చూపించి ఎవరి ఆవుల్ని ఎక్కడ ఆపుతారో నాకు తెలియదా? అసలు నేను చూసిన గుడ్లు హీమాంకస్‌వో కాదో కూడా తేలలేదు, జింకలకే సొంతమైన పురుగులూ ఉంటాయి.

పోలండ్‌లో కథ రివర్సు. అక్కడి అడవి బైసన్‌లలో 1997లో ఆష్‌వర్థియస్ సిడెమి అనే పురుగు బయటపడింది, హీమాంకస్‌కి దగ్గర చుట్టం, అదీ రక్తం తాగేదే. అది పశువుల నుంచి రాలేదు. ఆసియా నుంచి యూరప్‌కి తెచ్చి వదిలిన సికా జింకల పురుగు అది. గుడ్డు చూసి 'స్ట్రాంగైల్ రకం, మూలం పశువులు' అని రాసి ఊరుకుని ఉంటే ఏమయ్యేది?

పేరు తెలిస్తే మాత్రం ఏం చేస్తారు అని ఒక సీనియర్ ఎప్పుడూ ఎగతాళి చేస్తారు. కొంతవరకు నిజమే. గొర్రె అయితే పట్టుకుని కింది కనురెప్ప లాగి చూస్తాం, రక్తం తగ్గి పాలిపోయి ఉంటే మందు తాగిస్తాం. కణుజు రెప్ప ఎవరు లాగుతారు? ఉప్పు గడ్డల్లో మందు కలిపి అడవిలో పెడితే ఏది ఎంత నాకిందో తెలియదు, అరకొర మోతాదుతో పురుగులే మందుకి రాటుదేలతాయి. కానీ అది ప్లాసీ అని తేలితే పని అడవిలో కాదు, అడవి అంచు ఊళ్లలో ఉంటుంది. మందలు లోపలికి వెళ్లకముందే నట్టల మందు సరిగ్గా తాగించాలి. అది ఆవుకీ మంచిదే, కణుజుకీ మంచిదే, ఎవరినీ తరమక్కర్లేదు. ఈ మాట ఫోనులో తోచలేదు, ఇప్పుడు తోచింది, మామూలే.

2008 నుంచి కణుజు ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం) ముప్పు జాబితాలో ఉంది. పెద్దపులికి ఇష్టమైన తిండి కాబట్టి దాని పేరు వినిపిస్తుంది గానీ, దాని కడుపులో ఏముందో పట్టించుకునేవాళ్లు తక్కువ.

రేపు పొద్దున్నే మెయిల్ పెడతాను, మూలం గడి ఖాళీగానే ఉంటుందని. ఇథనాల్ ఇండెంట్ మీద సంతకం కోసం మళ్లీ తిరగాలి, పోయిన నెలదే ఇంకా బల్ల మీదే ఉంది. మా ఆయన కాల్ అయినట్టుంది, ఇంకా పడుకోలేదా అంటున్నారు.