కవిత అయ్యాక కూర్చున్నవాళ్ళు

ఆదివారం రాత్రి

గుంటూరు బ్రాడీపేటలో ఇవాళ కవిసమ్మేళనం. జ్యోతి ప్రజ్వలన, అతిథుల పరిచయాలు, శాలువాలు అయ్యేసరికి పొద్దున పదకొండు దాటింది. అది ఎప్పుడూ ఉండేదే. నాకు బాధ కలిగించింది వేరే. పేరు పిలవగానే వేదికెక్కడం, కవిత చదవడం, ఫోటో దిగడం, మెమెంటో పుచ్చుకుని అటునుంచి అటే బండి తీయడం. భోజనాల వేళకి సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. జాబితాలో ఆఖరి పేరు ఓ డిగ్రీ అమ్మాయిది. ఆమె మైకు దగ్గరికి వచ్చేసరికి హాల్లో పట్టుమని పదిమంది లేరు.

ఫోన్‌లో చూసి, తల ఎత్తకుండా, గబగబా చదివేసింది. మిర్చికి తొడిమలు తీసే పనికి వెళ్ళే వాళ్ళమ్మ మీద కవిత. పని నుంచి వచ్చిన అమ్మ ఎన్నిసార్లు చేతులు కడుక్కున్నా పడుకునేదాకా తన మొహం తాకదని ఒక మాట వచ్చింది. రెండో వరసలోంచి రిటైరైన తెలుగు మాస్టారు చెయ్యెత్తి, "ఆ మాట మళ్ళీ చదువు తల్లీ" అన్నారు. ఈసారి ఫోన్ దించి, మా వైపు చూస్తూ నిదానంగా చెప్పింది. గుంటూరులో పుట్టి పెరిగి, ఆ ఘాటు తెలిసినవాణ్ణి. గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది.

మళ్ళీ చదవమని అడగడం మన సభల్లో ఎప్పటినుంచో ఉన్న మర్యాద. పలువురు అడిగినవాటికి ఒక్క కవి అక్కడికక్కడే పద్యాలు చెప్పే అవధానంలో అయితే వినేవాడికి ఏకంగా వేదిక మీదే పీట వేశారు. నిషిద్ధాక్షరి అడిగే పృచ్ఛకుణ్ణి, అంటే అవధానిని పరీక్షించేవాణ్ణి చూడండి. అవధాని ఒక్కో అక్షరం చెబుతుంటే, తర్వాత ఏ అక్షరం రాబోతోందో పసిగట్టి దాన్ని వద్దనాలి. పద్యం ఉత్పలమాల అయితే పాదానికి 20 అక్షరాలు, పాదం మొదటి అక్షరంతో పొసగాల్సిన యతి పదో అక్షరం మీద. ఛందస్సు చేతిలో ఉండి, చెప్పేవాడి మనసు ఎటు పోతోందో కనిపెట్టగలిగితేనే ఆ పని సాగుతుంది. చివర్లో ధారణ వేళకి సభంతా ఊపిరి బిగబట్టి, అవధాని పద్యాలన్నీ వరసగా అప్పజెబుతుంటే వింటుంది. జంటగా అవధానాలు చేసిన తిరుపతి వేంకటకవులు ఊరూరా తిరిగి అంత పేరు తెచ్చుకున్నారంటే, ఆ ఊళ్ళలో అలా వినేవాళ్ళు ఉండబట్టే కదా.

అలాగని పాత సభలన్నీ బంగారమనను. మన వినుకొండలో 1895లో పుట్టిన జాషువా గారు సభలో పద్యాలు చదివితే, ఆయన్ను లోపలికి ఎందుకు రానిచ్చారని కులం పేరుతో అవమానించారు. పద్యం ఎంత చక్కగా ఉన్నా, చదివినవాడు ఎవరన్నదే వాళ్ళకి కావలసి వచ్చింది. తర్వాత అదే జాషువా గారి కాలికి, ఆ తిరుపతి వేంకటకవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు స్వయంగా గండపెండేరం అనే గౌరవ కడియం తొడిగారు. ఆ తొడగడం ఎప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. సన్మానమంటే నాకు అదే. పద్యాన్ని చెవులారా విన్న పెద్దాయన వంగి చేసింది. ఇవాళ మేం కప్పించుకున్న శాలువాలు మాత్రం ఎవరూ ఏమీ వినకముందే కప్పేశారు.

సభ అయ్యాక మాస్టారితో కలిసి టీ తాగాను. ఆయన చేతిలో చిన్న నోట్‌బుక్కు. ఇవాళ చదివినవాళ్ళ పేర్లన్నీ ఉన్నాయి, ఒక్కో పేరు కింద ఆ కవితలోంచి ఒక్కో వాక్యం. కొన్ని పేర్ల కింద ఖాళీ. "ఏమీ తగల్లేదా మాస్టారూ?" అంటే, "తొందరగా చదివేశారు, అందలేదయ్యా. కనిపిస్తే అడుగుదామని వదిలాను" అన్నారు. ఆయన ఇలా రాసుకున్నారని చదివినవాళ్ళలో చాలామందికి తెలియను కూడా తెలియదు.

ఇందాక నిర్వాహకుడికి ఫోన్ చేశాను. వచ్చే నెల చదివేవాళ్ళలో నా పేరు వద్దన్నాను. కొత్తగా రాస్తున్నవాళ్ళని ముందు చదివించమని, ఒక్కో కవిత అయ్యాక రెండు నిమిషాలు దాని గురించి మాట్లాడే పని మాస్టారికీ నాకూ ఇమ్మని అడిగాను. "సీనియర్లని ఆఖర్న పెడితే నొచ్చుకుంటారేమోనండీ" అని కాసేపు నసిగాడు. ఆఖర్న అయితే అప్పటిదాకా కూర్చుంటారు కదా అన్నాను. నవ్వి, కమిటీలో మాట్లాడి బుధవారం చెబుతానన్నాడు.