బదరీవృక్షం కింద ఏలీయాకు పెట్టిన అప్పం

జూలై, ఆగస్టు వచ్చాయంటే గుంటూరు, విజయవాడ సంఘాల్లో ఆరాధన చివర విదేశం వెళ్లే పిల్లలను ముందుకు పిలుస్తారు. పాస్టరుగారు తలమీద చెయ్యి వేసి 121వ కీర్తన చదువుతారు. మంచి వాగ్దానమే. చదువుతోపాటు అక్కడ వాలంటీరుగా పరిచర్య కూడా చేయాలనుకునే పిల్లలకు మాత్రం 1 రాజులు 19వ అధ్యాయం కూడా చదివి పంపాలి.

కర్మెలు కొండమీద బయలు ప్రవక్తలను ఓడించాక ఏలీయా ప్రవక్త అరణ్యంలోకి ఒక దినప్రయాణం నడిచి, బదరీవృక్షం కింద కూలబడి, ఇక తన ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి అడిగాడు. పడుకున్నాడు. దూత వచ్చి ప్రసంగం చేయలేదు. నిప్పులమీద కాల్చిన అప్పం, నీళ్లబుడ్డి చూపి తినమన్నాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి, "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది" అని మళ్లీ తినమన్నాడు. "ఇచ్చట నీవేమి చేయుచున్నావు" అని దేవుడు అడిగింది హోరేబు కొండ చేరాకే. ఏలీయా 40 రోజులు నడిచిన సంగతి ఉపవాస కూటాల్లో తరచూ వింటాం. దానికి ముందు రెండుసార్లు తిని, రెండుసార్లు నిద్రపోయాడన్నది మాత్రం దాటేస్తాం.

క్లాసులు, పార్ట్‌టైం, శనివారం వాలంటీరు పని, ఆదివారం క్వయర్. వీటి మధ్య శుక్రవారం నీళ్లు కూడా తాగకుండా ఉపవాసం. కళ్లు తిరిగి పడిపోతే శోధన అంటారు. చాలాసార్లు అది ఒంట్లో నీరు తగ్గడమే. జ్వరంలో, విరేచనాల్లో, ఇన్సులిన్ వాడుతున్నప్పుడు ఉపవాసం వద్దు. విరేచనాలైతే ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసులో కొంచెం కొంచెం వేస్తే పాళ్లు తప్పుతాయి, ఉప్పు ఎక్కువై మేలుకు బదులు కీడే. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు, అన్నీ తలకొట్టి.

అప్పం ముందే కాల్చి ఉంచినట్టు టీకాలు కూడా ముందే వేయించుకోవాలి. ఆసుపత్రిలోనో వృద్ధాశ్రమంలోనో పనిచేసేవాళ్లకు హెపటైటిస్ బి 0, 1, 6 నెలల్లో మూడు డోసులు. వీసా వచ్చాక మొదలుపెడితే ఆలస్యమైనట్టే. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు వేసే ఎంఎంఆర్ టీకా రెండు డోసుల మధ్య 28 రోజులుండాలి. ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లో పసుపు జ్వరం ఉన్న దేశాలకైతే ఆ టీకా కనీసం 10 రోజుల ముందు. అది ప్రతి ఆసుపత్రిలో వేయరు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే. చిన్నప్పుడు బీసీజీ (టీబీ టీకా) పడినవాళ్లకు టీబీ చర్మపరీక్ష ఉత్తినే పాజిటివ్ చూపవచ్చు కాబట్టి ఇగ్రా రక్తపరీక్ష అడగండి.

మలేరియా ప్రాంతానికి డాక్సీసైక్లిన్ రాస్తే రోజుకు 100 మి.గ్రా., వెళ్లే ముందు రోజో ఆ ముందు రోజో మొదలు, బయటికొచ్చాక ఇంకో 4 వారాలు. ఇంటికి రాగానే ఆపేయడమే ఎక్కువమంది చేసే పొరపాటు. మాత్ర వేసుకుని వెంటనే పడుకుంటే అన్నవాహికలో పుండు పడుతుంది. అన్నం తిన్నాక, నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని అరగంటైనా కూర్చోండి.

బ్రిటన్‌లో అక్టోబరు నుంచి మార్చి దాకా అందరికీ రోజుకు 10 మైక్రోగ్రాముల విటమిన్ డి సిఫారసు చేస్తారు. అంటే 400 యూనిట్లు. మనవాళ్లు సూట్‌కేసులో పెట్టుకెళ్లే 60,000 యూనిట్ల మాత్ర మామూలుగా వారానికొకటి రాసేది. రోజూ మింగితే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. వీసాతోపాటు హెల్త్ సర్‌ఛార్జ్ కట్టి కూడా దగ్గర్లోని జీపీ (ఫ్యామిలీ డాక్టరు) దగ్గర పేరు నమోదు చేయించుకోనివాళ్లున్నారు. దిగిన మొదటి వారంలోనే ఆ పని కానివ్వాలి, జ్వరం వచ్చినప్పుడు కాదు.

ఇక చాలు, చచ్చిపోవాలన్న ఏలీయా మాటలాంటి మాట మనసులో తిరుగుతుంటే ఆ రోజే ఎవరికైనా చెప్పాలి. యూనివర్సిటీ కౌన్సెలర్ ఉంటారు, అమెరికాలో 988 అనే సహాయ ఫోన్ నంబరు ఉంది. దేవుడు ఏలీయాను అవిశ్వాసి అనలేదు, మనమెందుకు అనాలి?

అమ్మ కంగారుపడుతుందని జబ్బు దాచే పిల్లలు ఫిలిప్పీ 2:25-30 చదవాలి. పరిచర్యలో తన తోటి పనివాడు ఎపఫ్రొదితు జబ్బుతో చావుదాకా వెళ్లాడని పౌలు దాచకుండా రాసి, అతణ్ణి ఇంటికి పంపి, అలాంటివాళ్లను ఘనపరచమన్నాడు. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ కూడా ఆరోగ్యం చెడి అమెరికా తిరిగెళ్లి, అక్కడ వైద్యం చదువుకుని మళ్లీ వచ్చారు. మధ్యలో వెనక్కి రావడం ఓటమి అనేవాళ్లకు మన ఊరి చరిత్రే జవాబు.

ఆఫ్రికా నుంచి వచ్చాక, నెలలు గడిచినా సరే, జ్వరమొస్తే డాక్టరుకు ముందు ఏ దేశం వెళ్లొచ్చారో చెప్పండి. ఇక్కడ జ్వరమనగానే డెంగీ, టైఫాయిడ్ వైపే ఆలోచన వెళుతుంది. ఆఫ్రికాలో ఎక్కువగా ఉండే ఫాల్సిపారం మలేరియాకు ఒక రోజు ఆలస్యమైనా ప్రాణం మీదికొస్తుంది.