ఒక్క టికెట్టు, కింది బెర్తు

నాకు నలభై ఆరేళ్లు. కాశీ చూశాను, ఊటీ చూశాను, తిరుమల ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. అందులో ఒక్క ప్రయాణానికి కూడా నా చేత్తో టికెట్టు కొనలేదు. టికెట్లు, గదులు, ఆటో బేరాలు మా వారివి. పులిహోర, మందుల డబ్బా, దుప్పట్లు నావి. హంపికి ఒక్కదాన్నే వెళ్లి రావాలని అనుకున్నాకే తెలిసింది, ప్రయాణంలో సగం పని నాకు చేతకాదని.

హంపే ఎందుకంటే, యాభై రూపాయల నోటు మీది రాతిరథాన్ని కూరగాయల బండి దగ్గర ఇచ్చిపుచ్చుకోవడమే తప్ప ఇంతవరకూ చూసింది లేదు. పైగా గుంటూరులో రాత్రి అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దున హంపికి దగ్గరి హోస్పేటలో దిగవచ్చు, మధ్యలో మారే పని లేదు.

మా వారు "నేను సెలవు పెడతాను, ఇద్దరం వెళ్దాం" అన్నారు. మా తమ్ముడు మాట్లాడకుండా ఒక వార్త పంపాడు. 2025 మార్చిలో హంపికి దగ్గర్లోని సాణాపుర వద్ద, రాత్రి పూట కాలువ గట్టున కూర్చున్న పర్యాటకుల మీద జరిగిన దాడి గురించి. ఆడవాళ్ల మీద అత్యాచారం జరిగింది, ఒక యువకుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ వార్తను తీసిపారేయలేకపోయాను. రెండు రోజులు నేనే మానేద్దామనుకున్నాను. మూడో రోజు పటం ముందు పెట్టుకుని కూర్చున్నాను. సాణాపుర ఉన్న నది అవతల బస వద్దు, హోస్పేట ఊళ్లోనే గది. చీకటి పడే వేళకు గదిలో ఉండాలి. మాతంగ పర్వతం మీది సూర్యాస్తమయం చూడనిదే హంపి చూసినట్టు కాదంటారు. నేను చూడను, అంతే. జాగ్రత్తలన్నీ మా నెత్తినే ఎందుకన్న కోపం నాకూ ఉంది. ఆ కోపాన్ని వెంట తీసుకెళ్లాను కానీ చీకట్లోకి మాత్రం వెళ్లలేదు.

రిజర్వేషన్ నాలుగు నెలల ముందే మొదలవుతుందని మా వారు అన్నారు. 2024 నవంబరు నుంచి అది 60 రోజులకు తగ్గిందని నేను చెప్పాను. ఆయనకు తెలియని రైలు సంగతి నాకు తెలియడం పెళ్లయ్యాక అదే మొదటిసారి. ఇంకో సంగతి కూడా తెలిసింది. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకు 45 ఏళ్లు నిండితే కింది బెర్తుల కోటాలో అడగవచ్చట. వయసు మీద పడినందుకు సంతోషించిన రోజది. ఉదయం ఎనిమిదింటికి కూర్చుని, రైల్వే సైటు అడిగే ఆ వంకర అక్షరాలను రెండుసార్లు తప్పు కొట్టి, మూడోసారికి కింది బెర్తు సంపాదించాను.

గది దొరకడమే కష్టమైంది. మొదటి లాడ్జివాళ్లు "ఎంతమంది?" అన్నారు. "ఒక్కదాన్నే" అన్నాను. "మీ వారితో మాట్లాడించండి" అన్నారు. ఫోను పెట్టేశాను. రెండోచోట ఒంటరి ఆడవాళ్లకు ఇవ్వమని నేరుగానే చెప్పారు. మూడోచోట ఫోనెత్తినది ఒక అమ్మాయి. లోపలి గడియ గట్టిదేనా, రాత్రి కౌంటరులో ఎవరుంటారు, గది ఏ అంతస్తులో అని అడిగితే విసుక్కోకుండా చెప్పింది. ఆధార్ కాపీ పంపమంటే మా అమ్మాయి అడ్డుపడి, మొదటి ఎనిమిది అంకెలు కనబడకుండా వచ్చే మాస్క్‌డ్ ఆధార్ దించి ఇచ్చింది. ఆ లాడ్జిలో అదే సరిపోయింది. ఇన్నేళ్లూ ఎక్కడపడితే అక్కడ అసలుదే ఇచ్చామే అనుకున్నాను.

వెళ్లేముందు చిన్న పరీక్ష పెట్టుకున్నాను. ఒక మంగళవారం పల్లెవెలుగు బస్సెక్కి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే స్త్రీశక్తి సున్నా టికెట్టుతో అమరావతి వెళ్లాను. గుళ్లో ఏ ఇబ్బందీ లేదు, గుడికి ఒంటరిగా వెళ్లే ఆడదాన్ని ఎవరూ వింతగా చూడరు. మ్యూజియంలోనూ అంతే. భోజనం హోటల్లోనే కాళ్లు ఆడలేదు. గుమ్మం దాకా వెళ్లి, మందుల దుకాణానికి వచ్చినదానిలా పక్కకు తిరిగాను. రెండోసారి లోపలికి వెళ్లి, నలుగురు కూర్చునే బల్ల దగ్గర గోడవైపు కూర్చున్నాను. వడ్డించే అబ్బాయి నాలుగు గ్లాసులు పెట్టి, "మిగతావాళ్లు వస్తున్నారా అమ్మా?" అన్నాడు. రారన్నాను. మూడు గ్లాసులు తీసుకెళ్లిపోయాడు. అంతకుమించి ఏమీ జరగలేదు. పప్పు మళ్లీ అడిగి వేయించుకున్నాను.

ఆ రోజే ఇంకో లోపం బయటపడింది. బస్సులో ఫోను ఆగిపోతే ఎవరికి చెప్పాలన్నా ఒక్క నంబరూ గుర్తు రాలేదు. ఇరవై ఏళ్ల కిందట తీయించేసిన మా ల్యాండ్‌లైను నంబరు మాత్రం తడుముకోకుండా వచ్చింది! ఇంటికి వచ్చి మా వారిది, అమ్మాయిది పిల్లలు ఎక్కాలు చదివినట్టు బట్టీ పట్టాను. ఏ ఆపదకైనా 112, రైల్లో 139, మహిళలకు 181 అని చీటీ మీద రాసి పర్సులో ఒకటి, జాకెట్టులో ఒకటి పెట్టుకున్నాను. డబ్బు కూడా అలాగే రెండు చోట్ల. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ ఒకసారికి ఎనిమిది గంటలే ఉంటుంది కాబట్టి, మళ్లీ పెట్టడం మరిచిపోతే కంగారు పడవద్దని ఇంట్లో ముందే చెప్పాను. పడ్డారనుకోండి, అది వేరే సంగతి. తలుపు కింద దూర్చే రబ్బరు ముక్క ఒకటి, సంచికి గొలుసూ తాళం కొన్నాను. కన్నడం నాలుగు మాటలు నేర్చుకున్నాను: ఎష్టు (ఎంత), బేడ (వద్దు), ఇల్లి నిల్లిసి (ఇక్కడ ఆపండి), ఊట (భోజనం).

పులిహోర ఈసారి మా అత్తగారు కలిపారు. వెళ్లడం ఆవిడకు ఇష్టం లేదు, కానీ పొట్లం మాత్రం ఇద్దరికి సరిపడా కట్టారు.

రైలెక్కి, సంచిని కింది బెర్తు కొక్కేనికి గొలుసుతో బిగించి, తాళం చెవి జాగ్రత్తచేసి కూర్చున్నానో లేదో, ఒక అబ్బాయి వాళ్ల నాయనమ్మను చేయి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆవిడకు మధ్య బెర్తు వచ్చింది. ఎవరైనా మారమంటే కుదరదని చెప్పాలని నాలుగు రోజులుగా అనుకుంటూనే ఉన్నాను. ఆవిడ మోకాళ్లు చూశాక నోరు పెగల్లేదు. అరవై రోజుల ముందు సంపాదించిన కింది బెర్తు అలా పోయింది. సంచి ఆవిడ కిందే ఉండిపోయింది. దువ్వెన, బ్రష్షు అందులోనే. బళ్లారి దాటినా ఆవిడ లేవలేదు, లేపడానికి నాకు మనసొప్పలేదు. హోస్పేటలో చెదిరిన జుట్టుతో దిగి, ఆటో దగ్గరికి వెళ్లి "ఎష్టు?" అన్నాను.

"ఎక్కడికమ్మా?" అన్నాడు, తెలుగులోనే.