నీళ్లు పట్టివ్వని తొడుగు

వదినకు ఒంట్లో బాగోలేదని ఈ రోజు అన్నయ్యకు క్యారియర్ పట్టుకుని నేనే హైదరాబాద్ కాటేదాన్‌లో అతని ప్లాస్టిక్ రీసైక్లింగ్ షెడ్డుకు వెళ్లాను. ఇచ్చి వెంటనే వచ్చేయాల్సింది. కరెంటు పోయి యంత్రాలు ఆగడంతో అన్నయ్యకు తీరిక దొరికింది. అతని మాటలకు కరెంటుతో పని లేదు.

షెడ్డు నిండా నీళ్ల సీసాలు, కూల్‌డ్రింక్ సీసాలు. మూతలతో సహా ముక్కలు చేసి నీళ్ల తొట్టిలో వేస్తారు. సీసా పెట్ అనే రకం ప్లాస్టిక్, నీటికంటే బరువు కాబట్టి అడుగుకు చేరుతుంది. మూత పాలిథిన్ జాతిది, తేలుతుంది. తేలినదాన్ని దేవేస్తే సరి. ఇంత సులువా అని నేను మురిసిపోతుంటే, రంగురంగుల తొడుగు వేసిన జ్యూస్ సీసా ఒకటి నా చేతిలో పెట్టాడు.

“ఇది పీవీసీ తొడుగు. ఇదీ మునుగుతుంది. నీళ్లు దీన్ని పట్టివ్వవు.”

పెట్ కరగాలంటే దాదాపు 250 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడికి పీవీసీ మాడి ఆమ్లపు ఆవిరి వదులుతుంది, సరుకంతా పసుపెక్కుతుంది. అందుకే ఆడవాళ్లు వరుసగా కూర్చుని బ్లేడుతో ఒక్కో తొడుగూ కోసి తీస్తున్నారు. కరెంటు పోయినా వాళ్ల పని ఆగలేదు.

లేబుల్ జిగురు వదలాలంటే వేడి నీళ్లలో కాస్టిక్ సోడా కలిపి కడగాలి. ఆ నీటిని శుద్ధి చేయడం మరో ఖర్చు. ఇన్ని పాట్లు పడి తీసిన ముక్కలు పాలిస్టర్ దారమో, దిండులో దూదో అవుతాయి. చిప్స్ ప్యాకెట్లకు ఆ యోగమూ లేదు. ప్లాస్టిక్ పొరలు, అల్యూమినియం పూత ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. విడదీయలేక సిమెంటు కర్మాగారాల కొలిమికి పంపుతారు.

తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమని మనకు పాఠాలు చెబుతారు. చెప్పాల్సిందే. కానీ ఆ తొడుగు వేయాలని, ఆ జిగురే పూయాలని నిర్ణయించింది మనం కాదు కదా! ప్యాకింగ్ ప్లాస్టిక్ బాధ్యత కంపెనీలదేనని కేంద్రం 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. అన్నయ్య వాటిని మెచ్చుకుంటూనే, “సేకరించడం సరేరా, ముందు విడదీయడానికి వీలుగా తయారు చేయమను” అన్నాడు.

వచ్చేముందు పాల ప్యాకెట్ల సంగతి అడిగాను. మంచి సరుకేనట, మూల మాత్రం పూర్తిగా కత్తిరించవద్దన్నాడు. ఆ చిన్న ముక్క ఎవరి చేతికీ చిక్కదు, కాలువపాలవుతుంది. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. ఆమె ఎప్పుడూ కత్తిరించదట. కవర్లు కిలోల లెక్కన అమ్ముతాం కదా, ఆ ముక్క కూడా తూకానికి వస్తుందంది.