మా ఇంట్లో ట్వీడ్ కోటు

హైస్కూల్లో చేరినప్పటి నుంచి మా అమ్మాయికి ట్వీడ్ కోటు మీద మనసు. ముతక ఉన్ని గుడ్డే కదా అనుకుంటాం గానీ, అమెరికాలో అది తొడుక్కున్న మనిషిని బట్టి ఒక్కో కథ చెబుతుంది. మోచేతుల దగ్గర తోలు అతుకులుంటే కాలేజీ ప్రొఫెసర్. తాతల నాటి కోటు మనవడు వేసుకుంటే పాత ఆస్తిపరుల కుటుంబం. ఆడవాళ్ల పొట్టి జాకెట్టుగా కుడితే ఫ్రెంచ్ ఫ్యాషన్ సంస్థ షనెల్ దర్జా. ఈ తరం పిల్లలకైతే ఫోన్లో కనిపించే డార్క్ అకడెమియా, అంటే పాత లైబ్రరీలు, కవిత్వం, చలికాలం. స్కూల్లో న్యూయార్క్ చరిత్ర చదివితే మాత్రం ట్వీడ్ అనగానే గుర్తొచ్చేది గుడ్డ కాదు, నగర ఖజానాను దోచుకుని 1878లో జైల్లో చనిపోయిన రాజకీయ నాయకుడు బాస్ ట్వీడ్.

"అది తెల్లవాళ్ల బట్ట, మన పిల్లలకు నప్పదు" అని బంధువుల్లో ఒకావిడ అన్నారు. ఈ మాట నేను ఒప్పుకోను. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు వాళ్ల చదువు ఖర్చు ప్రభుత్వమే భరించేలా చేసిన జీఐ బిల్లు అనే చట్టం పుణ్యమా అని కాలేజీ మెట్లెక్కారు. మిలిటరీ ఖాకీ ప్యాంటు మీదకు ట్వీడ్ కోటు తొడిగారు. 1950ల్లో మైల్స్ డేవిస్ హార్వర్డ్ పక్కనున్న ఆండోవర్ షాప్‌లో బట్టలు కుట్టించుకున్నాడు. ఒక నల్లజాతి జాజ్ కళాకారుడు, పెద్దింటి కుర్రాళ్ల బట్టల్లో, వాళ్లకంటే ఠీవిగా! ఈ దేశంలో ఏ బట్టా ఒకరి సొత్తుగా ఉండిపోలేదు. నా కూతురు కూడా ఎవరి అనుమతీ అక్కర్లేకుండా వేసుకోవాలని నా కోరిక.

కొత్తది కొనాలంటే ధర చుక్కల్లో ఉంది. అందుకని సెకండ్‌హ్యాండ్ షాపులో వెతికి గోధుమరంగు హారిస్ ట్వీడ్ ఒకటి తెచ్చుకుంది. అప్పుడు మా అమ్మ మా దగ్గరే ఉంది. "ఎవరో తొడిగి ఇడిచిన బట్టలు మనకెందుకే?" అంది. ఆ పట్టింపు నాకు తెలియనిది కాదు కాబట్టి నేనేమీ వాదించలేదు.

కానీ అమ్మ పుట్టింది పోచంపల్లిలో, మగ్గం ఉన్న ఇంట్లో. గుడ్డ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. కోటు తిరగేసి, అంచు దగ్గర వేళ్లతో నలిపి, కళ్లజోడు పెట్టుకుని కిటికీ దగ్గరకు తీసుకెళ్లింది. దూరానికి గోధుమరంగే. దగ్గరికెళ్తే ఒకే పోగులో ఎరుపు, ఆకుపచ్చ, కొంచెం నీలం. "నేసినాక అద్దిన రంగు కాదిది" అంది. నిజమే. హారిస్ ట్వీడ్‌కి ముందు ఉన్నికి రంగులద్ది, వాటిని కలిపి అప్పుడు వడుకుతారు. పోచంపల్లిలో మనవాళ్లు ఇకత్ నేతకు పోగులకు ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత మగ్గం ఎక్కిస్తారు. రెండు చోట్లా నేతకు ముందే రంగు పని అయిపోతుంది.

లోపలున్న గోళం, శిలువ ముద్ర చూపించి అమ్మాయి దాని సంగతి చెప్పింది. స్కాట్లాండ్‌లోని ఔటర్ హెబ్రిడీస్ దీవుల్లో రంగు వేసి వడికిన ఉన్నిని, ఆ దీవుల జనం తమ ఇళ్ల దగ్గరే కరెంటు లేని మగ్గం మీద నేస్తేనే హారిస్ ట్వీడ్ అనాలి. 1993లో బ్రిటిష్ పార్లమెంటు దీనికి చట్టమే చేసింది. అమ్మ వెంటనే అడిగింది: "మరి ఆ ఇండ్లల్ల ఆడోళ్లు ఏం చేస్తరు?"

అక్కడి నుంచి మాట ఆసు మీదకు మళ్లింది. ముడులు కట్టే ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి తిప్పి వరస పెట్టడమే ఆసు పోయడం. అది ఆడవాళ్ల పని. రోజుకు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. మా అమ్మమ్మ కుడి భుజం అలాగే అరిగిపోయిందని అమ్మ చెప్పింది. తల్లి పడే ఈ బాధ చూడలేకే చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారని, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చిందని నేను చెప్పాను. నా చీరల్లో ఇంతమంది భుజాలున్నాయని మా అమ్మాయికి అప్పటిదాకా తెలియదు. నా బీరువాలోంచి ఇకత్ చీర తెచ్చి కోటు పక్కన పరిచింది. ఏ పోగు పడుగు, ఏది పేక అని రెండింటిలోనూ మా అమ్మ చేత చూపించుకుంది.

ఇప్పుడు ఆసు ఎలా పోస్తారో చూడాలని దాని పట్టు. మేకులు కొట్టిన ఆ చట్రం ఇక్కడెక్కడ దొరుకుతుంది? ఎండాకాలం సెలవుల్లో పోచంపల్లి తీసుకెళ్లి, ఇంకా ఆసు పోస్తున్న మా పెద్దమ్మ దగ్గర కూర్చోబెడతానని మాటిచ్చాను.