పట్టు ఎవరిది: రెండు రిగ్‌ల పోరాటాన్ని యానిమేట్ చేయడం

రిగ్ చేసిన, అంటే కదిలించడానికి లోపల ఎముకల చట్రం అమర్చిన, రెండు త్రీడీ పాత్రల మధ్య పోరాటాన్ని యానిమేట్ చేసేటప్పుడు నేను అన్నిటికంటే ముందు తేల్చుకునేది ఒక్కటే: ఈ ఫ్రేములో కదలికను నడిపిస్తున్నది ఎవరు, దానికి లొంగుతున్నది ఎవరు? ఒంటరిగా నడిచే పాత్రకు ఈ ప్రశ్నే ఉండదు, ఎందుకంటే అక్కడ ఉన్నవి దాని బరువు, దాని కాళ్లు, కింద నేల, అంతే. రెండో శరీరం తగిలిన మరుక్షణం నుంచి ఒకరి నడుము ఎటు కదలాలో ఇంకొకరి చెయ్యి నిర్ణయిస్తుంది. ఈ సంగతి తేల్చుకోకుండా ఇద్దరికీ విడివిడిగా కీఫ్రేములు (ఏ ఫ్రేములో ఏ భంగిమ ఉండాలో చెప్పే గుర్తులు) పెట్టుకుంటూ పోతే, ఎదురెదురుగా నిలబడి ఎవరి కసరత్తు వారు చేసుకుంటున్న మనుషులే తెర మీద కనిపిస్తారు.

ప్రస్తుతం నేను చేస్తున్న షాట్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో, అందులోని రిగిఫై అనే పనిముట్టుతో చేసిన రిగ్‌లతో, సెకనుకు 24 ఫ్రేముల లెక్కన సాగుతున్న పని ఇది. బక్కపలచని యువకుడొకడు కుడిచేత్తో గుద్దబోతాడు. ఎదుటి భారీకాయుడు ఆ మణికట్టును గాలిలోనే పట్టుకుని, తన పక్కకు లాగి, నేల మీద పడేస్తాడు.

గుద్దు పిడికిలితో మొదలవదు. వెనక కాలి మడమ నేల వదిలి తిరుగుతుంది, దానితో పాటే నడుము తిరుగుతుంది, ఒకటి రెండు ఫ్రేముల తరువాత ఛాతీ, ఆపైన భుజం, మోచెయ్యి, చిట్టచివర పిడికిలి కదులుతాయి. కదలికలను గీతలుగా చూపే గ్రాఫ్ ఎడిటర్‌లో ఈ వంపులు ఒకదాని వెనుక ఒకటి కొద్దికొద్దిగా జరిగి కనిపించాలి. అన్నీ ఒకే ఫ్రేములో శిఖరానికి చేరితే ఆ గుద్దులో బలం ఉండదు. వెనక్కి తీసుకోవడానికి 8 నుంచి 10 ఫ్రేములు, ముందుకు దూసుకురావడానికి 3 ఫ్రేములు ఇచ్చాను. అంతవరకు చెయ్యి ఎఫ్‌కేలోనే (భుజం నుంచి మొదలుపెట్టి ఒక్కో కీలునూ తిప్పే పద్ధతి) ఉంటుంది, ఎందుకంటే భుజం నుంచి తిరిగే చేతికి సహజమైన వంపుదారి అందులోనే సులభంగా వస్తుంది. మణికట్టు భారీకాయుడి చేతికి చిక్కిన ఫ్రేములో మాత్రం ఐకేకు (చేతి చివర ఎక్కడ ఉండాలో చెబితే మిగతా చెయ్యి దానికి తగ్గట్టు వంగే పద్ధతి) మారాలి, ఇక మీదట ఆ చెయ్యి ఎక్కడ ఉండాలో దాని భుజం చెప్పలేదు కనుక.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పట్టుకున్న తొలి రెండు మూడు ఫ్రేముల్లో గుద్దు వేగం ఇంకా చావలేదు, కాబట్టి యువకుడి మణికట్టే భారీకాయుడి చేతిని వెనక్కి నెడుతుంది. తరువాత పెత్తనం చేతులు మారి, భారీకాయుడి చెయ్యే మణికట్టును లాగుతుంది. ఒకటి ఇంకొకదాని వెంట కదిలేలా కట్టే చైల్డ్ ఆఫ్ కన్‌స్ట్రెయింట్‌తో ఒక చేతిని ఇంకొకదానికి కట్టి, మధ్యలో తిరగేసి, ఎదుటి చేతిని దీనికి కట్టవచ్చు. కానీ తిరగేసిన ప్రతి చోటా చెయ్యి ఉన్నచోటే ఉండేలా సెట్ ఇన్వర్స్ నొక్కాలి, కట్టు ఎంత పనిచేయాలో చెప్పే ఇన్‌ఫ్లుయెన్స్ కీలను మధ్యలో క్రమంగా మారకుండా కాన్‌స్టెంట్‌గా ఉంచాలి, ఒక్క ఫ్రేము అటూ ఇటూ అయినా చెయ్యి ఎగిరిపడుతుంది. రెండు కట్లూ ఒకేసారి అమలులో ఉంటే ఒకదానిపై ఒకటి ఆధారపడిన వలయం ఏర్పడి చేతులు అదురుతాయి. అందుకని నేను పట్టు ఉన్న చోట ఒక ఎంప్టీని (తుది చిత్రంలో కనిపించని ఖాళీ గుర్తు) పెట్టి, రెండు చేతుల ఐకే కంట్రోలర్లనూ దానికే కట్టాను. ఇప్పుడు యానిమేట్ చేయవలసింది ఆ ఒక్క ఎంప్టీనే. అది గుద్దు దిశలోనే కాస్త ముందుకు సాగి, నెమ్మదించి, ఆగి, ఆపైన భారీకాయుడి కుడి తుంటి వైపు వంపు తిరుగుతుంది. ఎవరి బలం ఎక్కడ తీరిందో, ఎవరి బలం ఎక్కడ మొదలైందో అంతా ఆ వంపులోనే చదువుకోవచ్చు. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

ఎంప్టీ కదలిక కుదిరాక శరీరాలను దానికి ఒప్పించాలి. రిగిఫైలో ఐకే స్ట్రెచ్‌ను ముందే సున్నా చేసి పెట్టాను. లేకపోతే లాగినకొద్దీ చెయ్యి సాగిపోయి, నడుము కదలవలసిన అవసరమే మనకు కనిపించదు. స్ట్రెచ్ లేనప్పుడు చెయ్యి పూర్తిగా చాచుకున్న ఫ్రేములో మణికట్టు పట్టు నుంచి విడిపోతుంది, భుజం అంతకు ముందే ముందుకు రావాలని అదే చెబుతుంది. భుజం వస్తే ఛాతీ వస్తుంది, ఛాతీ వస్తే నడుము పాదాలను దాటి ముందుకు పోతుంది. బరువు పాదాలను దాటిన మనిషి అడుగైనా వేయాలి, పడనైనా పడాలి. మా యువకుడు ఒక అడుగు వేస్తాడు, అది చాలదు. భారీకాయుడు కూడా ఊరికే నిలబడడు: లాగే ముందు మోకాళ్లు వంచి, బరువును వెనక కాలి మీదకు తీసుకుంటాడు. ఆ 4 ఫ్రేములు తీసేసి చూస్తే ఎదుటివాడు దూదిబొమ్మలా తేలికైపోతాడు.

రిఫరెన్స్ కోసం హైదరాబాద్ పాతబస్తీ తాలింఖానాల్లో (కుస్తీ నేర్పే వ్యాయామశాలలు) జరిగే మట్టి కుస్తీని చూడమని ఈ పని నేర్చుకునేవారందరికీ చెబుతాను. పట్టు బిగిశాక పహిల్వాన్లు చాలాసేపు కదిలినట్లే ఉండరు, అయినా ఇద్దరి బలమూ కనిపిస్తూనే ఉంటుంది: మెడ బిగుసుకుంటుంది, కాలివేళ్లు మట్టిలోకి దిగుతాయి, నడుము వేలెడంత అటూ ఇటూ జరుగుతుంది. నా షాట్‌లో ఎంప్టీ ఆగే చోటు అంత నిశ్చలంగా ఉండి కూడా సజీవంగా ఉండాలని కోరుకున్నాను. ఇద్దరు నటులతో మోషన్ క్యాప్చర్ (నటుల కదలికలను రికార్డు చేయడం) చేయించినా ఈ పని తప్పదు. నటుల చేతుల పొడవు, పాత్రల చేతుల పొడవు ఒకటి కావు కాబట్టి ఆ కదలికలను పాత్రలకు రీటార్గెట్ చేయగానే, అంటే మార్చి అమర్చగానే, పట్లన్నీ సడలిపోతాయి, వాటిని మళ్లీ చేత్తోనే బిగించాలి.

కెమెరా విషయం క్లుప్తంగా చెబుతాను. పట్టు కెమెరా నుంచి బిగువుగా కనిపిస్తే చాలు. కనబడని వైపు వేళ్లు చర్మంలోకి కొంచెం దిగిపోయినా నేను పట్టించుకోను. మణికట్టు, రెండు తలలు ఒకదాని వెనుక ఒకటి దాగకుండా, నీడబొమ్మల్లో చూసినా పోజు అర్థమయ్యేలా కోణం ఎంచుకున్నాను.

ఇక మిగిలింది పడటం. యువకుడి భుజం ముందు నేలను తాకుతుంది, తరువాత వీపు, నడుము, చివరగా కాళ్లు ఒకదాని తరువాత ఒకటి. భారీకాయుడి వేళ్లు మణికట్టును ఎప్పుడు వదలాలన్నదే ఇంకా తేలలేదు. భుజం నేలను తాకిన ఫ్రేములో వదిలితే అతడు ఎదుటివాణ్ని అదుపులో ఉంచుకుని పడుకోబెట్టినట్లు ఉంటుంది. 2 ఫ్రేములు ముందే వదిలితే విసిరేసినట్లు ఉంటుంది, అతడి భుజం కూడా ఖాళీ చేతితో పాటు ముందుకు తూలుతుంది. రెండూ ప్లేబ్లాస్ట్ (త్వరగా చూసుకునే నమూనా వీడియో) తీసి పక్కపక్కన పెట్టుకున్నాను. ఈ పాత్ర కోపిష్టి కాడు కాబట్టి, నా మొగ్గు మొదటిదాని వైపే ఉంది.